తీపి విరిగినాక

జూబ్లీహిల్స్ హోటల్లో నాకు మొదట నేర్పిన మాట
డ్రై.
గ్లాసు నిండా ద్రవం, పేరేమో పొడి.
తీపి లేకపోవడమే పొడితనం అన్నాడు
ట్రైనింగ్ ఇచ్చిన కురియన్ సార్.
నోట్‌బుక్‌లో రాసుకున్నాను.
పక్కన తెలుగులో ఏం రాయాలో తోచక
చుక్క పెట్టి వదిలేశాను.

తర్వాత క్రిస్ప్ అన్నాడు. నాకు అప్పడం గుర్తొచ్చింది.
అప్పడం కాదట.
పచ్చి మామిడికాయ కొరికితే
దవడల కింద నీళ్లూరి
ఒక కన్ను దానంతటదే మూతపడుతుంది చూడు,
అది.

మూడేళ్లుగా బల్లబల్లకీ చెబుతున్నాను:
ఈ తెల్ల వైన్‌కి చేప బాగుంటుందండీ,
నిమ్మకాయ పిండిన రొయ్యలు బాగుంటాయండీ,
బిర్యానీతో వద్దండీ, మసాలా దీన్ని మింగేస్తుంది.
శ్రద్ధగా విని, తలూపి
బిర్యానీయే తెప్పించుకుంటారు.

సోమవారం నాకు సెలవు.
టేస్టింగ్‌లో మిగిలిన ముప్పావు సీసాని
చున్నీలో చుట్టి, టిఫిన్ డబ్బా పక్కన నిలబెట్టి
వారాసిగూడ దాకా బస్సులో కుదుపు తగలకుండా తెచ్చాను.
ఇడ్లీపిండి గిన్నె జరిపి
ఫ్రిజ్‌లో చోటు చేశాను.

నాయిన ముప్పై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి.
శామీర్‌పేట దిక్కు ఆయన గీసిన చెట్లు
ఇప్పుడు విల్లాలు.
మోకు ఒరుసుకున్న చోట
నడుముకు నల్లటి గీత ఇంకా ఉంది.
షుగరొచ్చినప్పటి నుంచి అన్నీ బంద్.
"వాసన సూస్తే ఏమైతది తియ్" అన్నాడు.

అమ్మ స్టీలు గ్లాసు తెస్తే వద్దని
ఎవరి పెళ్లిలోనో ఇచ్చిన గాజుగ్లాసు కడిగి పోశాను.
ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"రాళ్ల భూమిల కాసిన పండు" అన్నాడు.
"నీళ్లకు తండ్లాడిన చెట్టు."
సీసా తిప్పి చూశాను, నేల సంగతి ఎక్కడా రాయలేదు.
ఇదే ముక్కని మినరల్ అని
కురియన్ సార్ పన్నెండు స్లైడ్లలో చెప్పాడు.

పొయ్యి మీద సర్వపిండి.
గిన్నె అడుగుకు వేళ్లతో ఒత్తి, చిల్లులు పొడిచి,
చిల్లుల్లో నూనె వేసి మూత పెట్టింది అమ్మ.
విరిస్తే అంచు ఫట్‌మంది.
ఒక ముక్క, ఒక గుక్క.
నూనె జిడ్డంతా
తడిగుడ్డతో తుడిచినట్టు నాలుక మీంచి పోయింది.
ఉప్పు మిగిలింది. నువ్వులు మిగిలాయి.
నోరు ఇంకో ముక్క అడిగింది.

నిన్నటి కోడికూరతో కూడా చూశాను, కారమే గెలిచింది.
పక్కింటి ఫర్జానా ఆంటీ పంపిన డబల్ కా మీఠాతో అయితే
పాపం వైన్ ఒట్టి పుల్లనీళ్లయిపోయింది.

"పొద్దుగాలటి కల్లుకు ఉప్పేసిన గుడాలు,
మాపటి పుల్లకల్లుకు బోటి.
పులుపును సూసి తిండి వెట్టాలె.
గంతే గద నీ సదువు?" అన్నాడు నాయిన.
గంతే.
ఆ కోర్సుకు తెచ్చిన అప్పు
ఇంకా పద్నాలుగు నెలలుంది.

"మరి ఇట్ల తీపి లేకుంటే ఏమంటరు నాయినా?"
గ్లాసు దీపానికి ఎత్తి చూశాడు.
"తీపి ఇరిగింది అంటం."
లేచి వెళ్లి నోట్‌బుక్ వెతికాను.
మూడేళ్ల కిందటి చుక్క పక్కన
రాసుకున్నాను.

అమ్మ వేలు ముంచి చప్పరించి
"ఎంత బిడ్డా ఇది?" అంది.
రెండొందలు అన్నాను.
"అమ్మో!" అంది.

మర్నాడు డ్యూటీకి పోతూ ఫ్రిజ్ తీస్తే
సీసా లేదు.
అడుగున మిగిలిన నాలుగు గుక్కలూ
చేపల పులుసులో పోసిందట,
చింతపండు సగం తగ్గించి.